వృద్ధనివాసములకు అనుమతి: ప్రభుత్వ కర్తవ్యము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుమార్గముపై నున్న పట్టణములు. మొదటిది వర్తకమునకును, రెండవది విజయనగర రాజుల కాలపు కోటకును, మూడవది పట్టుచీరలకును పేరు గాంచినవి. ఈ మూటికిని నేడు సమానమైన లక్షణ మొకటి యేర్పడినది. చదువుకొన్న పడుచువాడు బెంగుళూరికో, హైదరాబాదుకో, సముద్రములు దాటియో పోవుచున్నాడు. చదువు లేని కూలివాడును వాన తప్పిన యేట ఆ బెంగుళూరికే పోవుచున్నాడు. పండుగనాడు ఇల్లు కళకళలాడును. మరునాడు తలుపు దగ్గరగా వేసికొని ముసలి దంపతులు మిగులుదురు. కొన్నేండ్లకు ఆ యిద్దరిలో నొక్కరే మిగులుదురు. రాత్రివేళ స్నానాలగదిలో కాలు జారి పడిన ఆ యొంటరి ప్రాణి కేక తెల్లవారి పాలు పోయువాడు తలుపు తట్టువరకు ఎవరికిని వినబడదు. ఈ స్థితికి బాధ్యత కుటుంబమునకే గాక ప్రభుత్వమునకును గలదనియు, దానిని తీర్చుమార్గము చట్టమునందే యున్నదనియు మా అభిప్రాయము.

ఇది ఏ యొక్క యింటి గొడవయు కాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో 60 ఏండ్లు దాటినవారు దేశమున 10 కోట్ల 38 లక్షలమంది. ఐక్యరాజ్యసమితి జనాభా నిధియు, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థయు కలిసి 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2022 నాటికి ఆ సంఖ్య 14 కోట్ల 90 లక్షలకు పెరిగినది. 2050 నాటికి 34 కోట్ల 70 లక్షలు కాగలదని ఆ నివేదిక అంచనా. అనగా ప్రతి యైదుగురిలో నొకరు వృద్ధులన్నమాట. ఆయువు పెరిగినది, బిడ్డల సంఖ్య తగ్గినది. నలుగురు కొడుకులు పంచుకొనిన భారమును ఇప్పు డొక్కడు మోయవలె. ఆ యొక్కడును ఊర లేడు.

మన రాజ్యాంగము 41వ అధికరణమున వార్ధక్యమందు ప్రజలకు సహాయము చేయుట రాజ్యముయొక్క విధులలో నొకటిగా చెప్పినది. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. దాని 19వ సెక్షను ప్రకారము రాష్ట్రప్రభుత్వములు అందరికిని అందుబాటగు స్థలములలో వృద్ధాశ్రమములను క్రమక్రమముగా స్థాపింపవచ్చును; మొదట జిల్లా కొక్కటియైనను ఉండవలెను; అందు కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండవలెను. వైద్యము, వినోదము మొదలగు సేవల ప్రమాణములను నిర్ణయించు అధికారమును ప్రభుత్వమునకే యిచ్చినది. ఐతే చట్టమున “స్థాపింపవచ్చును” అని యున్నదే గాని “స్థాపింపవలెను” అని లేదు. ఆ యొక్క పదము చాటున ఎన్నో ప్రభుత్వములు కాలము గడపినవి. 2018 డిసెంబరు 13వ తేదీన సుప్రీముకోర్టు జిల్లావారీగా ఎన్ని వృద్ధాశ్రమములున్నవో లెక్క తెప్పించుమని కేంద్రము నాజ్ఞాపించవలసి వచ్చినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా పుట్టినది. కొత్త కలెక్టరు కచేరి వచ్చినది, కొత్త శాఖాధికారులు వచ్చిరి. “జిల్లా కొక్కటి” అను చట్టపు మాట కొత్త జిల్లాకును వర్తించునని మన ప్రతినిధులు మరువరాదు.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. ప్రభుత్వము పింఛను నిచ్చుచున్నది. 2024 జులై నుండి మన రాష్ట్రమున వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు అందుచున్నవి. నేతపనివారికి 50 ఏండ్లకే పింఛను గలదు. ఇది మెచ్చదగిన సంగతియే. కాని ధర్మవరమున నలువదియేండ్లు మగ్గపుగుంటలో కూర్చుండి నడుము వంగిన నేతగానికి ఆ రూపాయలు బియ్యము తెచ్చును గాని మంచముమీదనుండి లేవనెత్తవు. భూవసతి గల రైతుకు ధనలోపము లేదు. మందు వేళకు గుర్తుచేయు మనిషి లేడు. ధనము వేరు, చేయూత వేరు. ఆ చేయూతకై యేర్పడినదే ఆంగ్లదేశములందు “అసిస్టెడ్ లివింగ్” అను సహాయసహిత నివాసము. అది ఆసుపత్రి కాదు, అనాథశరణాలయమును కాదు. ఎవరి గది వారిది, ఎవరి తాళము వారిది. స్నానము, వస్త్రధారణము, నడక, భోజనము, మందులు, వీనిలో ఎవరికి ఎంత సాయము కావలెనో అంతే యిచ్చుటకు రేయింబవళ్లు మనుష్యులుందురు.

ఇట్టిదానిని ప్రభుత్వము ఎట్లు ప్రోత్సహింపవలెనో తెలిసికొనుటకు అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రపు చరిత్ర పనికివచ్చును. కెరెన్ బ్రౌన్ విల్సన్ అను నామె తల్లి 55వ యేట పక్షవాతమున పడి, ఏండ్ల తరబడి శుశ్రూషాలయములలో స్వేచ్ఛ లేక కృశించినది. ఆ దుఃఖముతో కుమార్తె 1983లో పోర్ట్‌లాండు నగరమున 112 చిన్న యిండ్లుగల నివాసమును తెరచినది. కదలలేనివారికి సొంత వంటిల్లు, సొంత తాళముచెవి యిచ్చుట అపాయమని అనేకులు శంకించిరి. అప్పుడు రాష్ట్రప్రభుత్వము తలుపు మూయలేదు. కండ్లు మూసికొని ఒప్పుకొననులేదు. అనుమతి నిచ్చి, నివాసుల ఆరోగ్యమును, బుద్ధిపాటవమును, సంతృప్తిని కొలుచుచుండవలెనని నియమించినది. 1988లో ఫలితములు వెలువడినవి. ఆరోగ్యము చెడలేదు, సంతృప్తి పెరిగినది, ప్రభుత్వ సహాయముపై నున్నవారి ఖర్చు నూటికి 20 వంతులు తగ్గినది. పిమ్మట వర్తకులు కొందరు ఆ పేరును మాత్రము పట్టుకొని సారమును విడిచిరనుటయు చరిత్రయే. కావున అనుమతియు, పర్యవేక్షణయు జోడెడ్లవలె కలిసి నడువవలెను.

మనలో పెద్ద లడుగు మొదటి ప్రశ్న యేమన: “కన్నవారిని ఆశ్రమమునకు పంపుట మన ధర్మమా?” న్యాయమైన ప్రశ్నయే. కాని వృద్ధుని ఇంట నుంచుకొని సేవించు కుటుంబమును ఈ నివాసము విడదీయదు. అది విడిపోయిన కుటుంబమునకు ఆసరా. వానప్రస్థమును ఆశ్రమములలో చేర్చిన జాతి మనది. త్రోవ ప్రక్కన సత్రములు కట్టించి, మాన్యము లిచ్చి పేరు తెచ్చుకొన్న పూర్వులు మనవారు. ముక్కుమొగ మెరుగని బాటసారికి సత్రము కట్టుట పుణ్యమైనపుడు, మన యూరి పెద్దలకు కట్టుట పాపమెట్లగును? ఒంటరిగా పడియుండనిచ్చి పరువు కాపాడుకొనుటయే నిజమైన అధర్మము.

రెండవ ప్రశ్న: “ఇది స్థలముల వ్యాపారుల ఎత్తు కాదా? పేదల సొమ్ముతో ధనికులకు మేడలా?” ఈ భయమును త్రోసివేయరాదు. ఐనను దానికి మందు నిరాకరణము కాదు, నిబంధనలు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణవ్యవహారముల శాఖ వృద్ధుల విశ్రాంతి గృహములకై 2019లోనే మాదిరి మార్గదర్శకములను ప్రకటించినది. కట్టించువాడు, సేవ చేయు సంస్థ, నివాసి, ఈ మువ్వురికిని నడుమ ఒప్పందము ఉండవలెనని అందు గలదు. 2016నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము అందుకు తోడు. 2024 ఫిబ్రవరిలో నీతి ఆయోగ్ వృద్ధసంరక్షణ సంస్కరణలపై ప్రత్యేక పత్రమునే ప్రకటించినది. కావలసిన సామగ్రి యంతయు ఢిల్లీ కాగితములలో నున్నది. మన మండలములకు దిగి రావలసి యున్నది.

ఈ ప్రాంతమున అనుకూలతలు కొల్లలు. పుట్టపర్తిలో 1991 నుండి ఉచితవైద్యము చేయుచున్న గొప్ప ఆసుపత్రి గలదు. ధర్మవరమునకు దగ్గరనే బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థవారి ఆసుపత్రి గలదు. రైలు గలదు, బెంగుళూరు దగ్గర గనుక కుమారుడు ఆదివారమునాడు వచ్చి తండ్రిని చూచి పోగలడు. ఆ నగరపు చుట్టుప్రక్కల నున్న విశ్రాంతిగృహముల వెల మన మధ్యతరగతికి భారము. అచ్చట చేరిన మన ముసలమ్మకు పలుకరించు తెలుగు మాటయు కరవు. మన రాగిసంకటి, మన గుడిగంట, మన భాష గల చోటు మనకే ఉండవలెను. కొరత యెల్ల నీటిది. నీటి యేర్పాటు చూపనిదే ఏ నిర్మాణమునకును అనుమతి కూడదు.

కావున ప్రభుత్వమువారిని మేము కోరున దిది. మొదటిది, హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలో ఇట్టి నివాసమునకు దరఖాస్తు వచ్చినచో భూమి, నీరు, అగ్నిరక్షణ, వైద్యము, ఈ శాఖలన్నియు ఒకేచోట గడువులోపల విచారించి, అవుననియో కాదనియో కారణములతో చెప్పవలెను. దస్త్రము బల్లనుండి బల్లకు తిరుగరాదు. రెండవది, సర్కారు భూమి నిచ్చినచో విక్రయము కాక కౌలుగానే యీయవలెను. షరతు తప్పినవాని నుండి మరల తీసికొనవలెను. మూడవది, అట్టి నివాసములలో కొన్ని గదులు నిరుపేదలకు ప్రత్యేకింపవలెను. చట్టములోని 150 మంది లెక్క ఆ గదులతో తీరినదని ప్రభుత్వము చేతులు దులుపుకొనరాదు; పేదల గృహము ప్రభుత్వము స్వయముగా కట్టవలసినదే. నాలుగవది, ఏటేట తనిఖీ జరుగవలెను. దాని నివేదిక ప్రజలకు తెలియవలెను. ఐదవది, రోగిని తాకి లేవనెత్తుటకు ఓర్పును నేర్పును గల పరిచారకులు కావలెను గనుక మన యువతీయువకులకు ఆ విద్యలో శిక్షణ యిప్పింపవలెను. పొట్టకూటికి బెంగుళూరు పోవువారిలో కొందరికైనను ఊరనే బ్రతుకు దొరకును.

భూస్వాములకు నొక్కమాట. బిడ్డలకు ఆస్తి వ్రాసి యిచ్చి తరువాత కూటికి వెదకుకొను పెద్దల కథలు ప్రతియూరను గలవు. 2007 చట్టపు 23వ సెక్షను ప్రకారము, పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో రద్దుపరుపవచ్చును. ఆ షరతు దస్తావేజులో స్పష్టముగా వ్రాయించుకొనుట క్షేమము. ఫిర్యాదు వినుటకు రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయి ట్రిబ్యునలు గలదు. పెనుకొండయు, ధర్మవరమును డివిజను కేంద్రములే. ఐనను రచ్చకెక్కి గెలిచిన అన్నము చేదుగనే యుండును. పూర్వులు చెరువునకును సత్రమునకును భూమి విడిచినట్లు, కలిగినవారు రెండెకరములు ఇట్టి నివాసమునకు విడిచినచో ప్రభుత్వము సాకు చెప్పుటకు వీలుండదు.

స్వరాజ్యము వచ్చునాటికి పిల్లలుగా నున్నవారు నేడు ఎనుబదియేండ్లు దాటి మన పంచలలో కూర్చుండి యున్నారు. వారి చెమటతో తవ్విన బావుల నీరే మనము త్రాగితిమి. వారికి నిర్భయముగా నిదురించుటకు ఒక గది, పిలిచిన పలుకు ఒక మనిషి, ఇంతకంటె వారు కోరున దేదియు లేదు. అంతమాత్రమునకు అనుమతి నిచ్చుటలో ఆలస్యమైనచో వారికి మాత్రము ఆగుటకు కాలము లేదు.