వెలిసిన మడ్‌గార్డుకు కొత్త రంగు

సైకిలు కొన్న ఏడాది బాగానే ఉంటుంది. రెండో ఎండాకాలం వచ్చేసరికి నల్లటి మడ్‌గార్డు బూడిద రంగుకు తిరుగుతుంది, ఎర్రటి చైన్ కవర్ గులాబీ రంగుకు వస్తుంది. ఆదిభట్ల, బొంగ్లూరు, మంగళ్‌పల్లి వైపు బడికీ కాలేజీకీ వెళ్ళే మన పిల్లల సైకిళ్ళు పగలంతా ఎండలోనే నిలబడతాయి. అన్నది తమ్ముడికి, అక్కది చెల్లెలికి వచ్చే ఇళ్ళలో సంగతి చెప్పనక్కర లేదు. అప్పుడు అందరూ చేసే పని ఒకటే. ఒక స్ప్రే డబ్బా తెచ్చి, సైకిలును గోడకు ఆనించి కొట్టేయడం. రెండు రోజులు మెరుస్తుంది. మొదటి వానలకే పొట్టు పొట్టుగా లేచిపోతుంది. డబ్బా ఖర్చు పోయింది, సైకిలు మునుపటికన్నా అధ్వాన్నంగా తయారైంది.

రంగు కల్తీదని దుకాణదారుణ్ణి తిడతారు. చాలాసార్లు తప్పు రంగుది కాదు. అది ఏ ప్లాస్టిక్కో తెలుసుకోకుండా రంగు వేయడమే అసలు కారణం.

ప్లాస్టిక్ అనేది ఒక పదార్థం పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. సైకిలు సామాన్లలో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. వంచితే వంగి మళ్ళీ నిటారుగా నిలిచే మడ్‌గార్డులు, ముందు కట్టుకునే బుట్టలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి. గట్టిగా, నున్నగా ఉండి గోటితో తడితే టక్కుమనే లైటు డబ్బాలు, కొన్ని చైన్ కవర్లు ఏబీఎస్ అనే రకానివి. పాలీప్రొపిలీన్‌ను పద్ధతిగా తయారుచేయడం ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో సాధించాడు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. మనం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలు కూడా చాలావరకు ఆ పదార్థానివే.

ఏది ఏదో గుర్తుపట్టడానికి ముందు ఆ వస్తువు లోపలి వైపు చూడండి. త్రిభుజంలో 5 అంకె గానీ, పీపీ అనే అక్షరాలు గానీ ఉంటే పాలీప్రొపిలీన్. గుర్తు లేకపోతే భౌతికశాస్త్రం పుస్తకంలో చదువుకున్న సాంద్రత పాఠం ఉంది కదా, అది పనికొస్తుంది. కనిపించని అంచు నుంచి బ్లేడుతో గోరంత ముక్క చెక్కి, సబ్బు నీళ్ళతో తడిపి, బకెట్టు నీళ్ళలో ముంచి వదలండి. పాలీప్రొపిలీన్ సాంద్రత సుమారు 0.9, కాబట్టి తేలుతుంది. ఏబీఎస్ సాంద్రత సుమారు 1.05, అది మునుగుతుంది. సబ్బు ఎందుకంటే, ముక్కకు గాలి బుడగలు అంటుకుంటే మునిగేది కూడా తేలి మోసం చేస్తుంది. కొన్ని రకాల పాలీప్రొపిలీన్‌లో రాతిపొడి వంటివి కలుపుతారు, అవి మునగవచ్చు. అందుకే గుర్తు కనబడితే గుర్తునే నమ్మాలి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యం? తామరాకు మీద నీటిబొట్టు అంటకుండా దొర్లుతుందని మనకు తెలుసు. పాలీప్రొపిలీన్ పైభాగం కూడా అలాంటి స్వభావం కలదే, కారణం వేరైనా. దాని అణువులు నీటినీ, మామూలు రంగునూ తమ వైపు లాక్కోవు. రంగు దాని మీద పరుచుకున్నట్టు కనిపిస్తుందే గాని పట్టుకోదు. ఎండి గట్టిపడ్డాక, మడ్‌గార్డు ఒకసారి వంగగానే పెచ్చు లేస్తుంది. ఏబీఎస్‌తో ఈ బాధ తక్కువ. శుభ్రం చేసి గరుకు పెడితే రంగు పట్టుతుంది. పాలీప్రొపిలీన్‌కు మాత్రం కార్ల రంగుల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి. కార్ల బంపర్లు ఎక్కువగా ఈ పదార్థంతోనే చేస్తారు కాబట్టి వాళ్ళ దగ్గర అది ఉంటుంది. డబ్బా మీద పాలీప్రొపిలీన్‌కు పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసి కొనండి. కర్మాగారాల్లో మంట చూపించి కూడా పైభాగాన్ని మారుస్తారు. ఇంట్లో ఆ ప్రయత్నం చేయకండి, మడ్‌గార్డు కరుగుతుంది.

మన ఆదిభట్ల ఏరోస్పేస్ పార్కులో టాటా సంస్థలు సీ-130జే విమానాల తోక భాగాలు తయారుచేస్తున్నాయి. 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలు కూడా ఇక్కడి నుంచే వెళ్తున్నాయి. గేటు బయటి నుంచి మనకేమీ కనిపించదు గాని, విమాన పరిశ్రమలో అంతటా ఒక పరీక్ష ఉంది. రంగు వేసే ముందు కడిగిన రేకు మీద నీళ్ళు పారిస్తారు. నీరు తెగకుండా ఒకే పొరగా పారితే శుభ్రమైనట్టు. చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డు ఉన్నట్టు. గరుకు పెట్టిన ఏబీఎస్ మీద మనమూ ఇది చేసి చూడవచ్చు. పాలీప్రొపిలీన్ మీద ఎంత కడిగినా చుక్కలే నిలుస్తాయి, అది దాని గుణం.

ఇక పని. మడ్‌గార్డును సైకిలు నుంచి విప్పండి, నట్లు, వాషర్లు ఒక డబ్బాలో వేసుకోండి. సబ్బుతో బాగా కడగండి, చైను గ్రీజు మిగలకూడదు. తర్వాత 400 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూ మెల్లగా రుద్దండి. గట్టిగా రుద్దితే పాలీప్రొపిలీన్ నూగులాగా లేస్తుంది. మళ్ళీ కడిగి, ఆరాక, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కరోనా రోజుల్లో మిగిలిన శానిటైజర్ వాడదామని అనుకోవద్దు. చాలా శానిటైజర్లలో గ్లిజరిన్ ఉంటుంది, ఆ జిడ్డు మిగిలిపోతుంది. ఘాటైన థిన్నర్ కూడా వద్దు, ఏబీఎస్‌ను అది కరిగిస్తుంది.

ప్రైమర్, దాని మీద రంగు, రెండూ పలుచగా వేయాలి. డబ్బాను జానెడు కన్నా కాస్త ఎక్కువ దూరంలో పట్టుకుని చేతిని కదుపుతూ ఉండండి. ఒక్క మందపాటి పూతకన్నా మూడు పలుచటి పూతలు మేలు. మందంగా వేస్తే కారుతుంది, లోపల తడి మిగిలిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం వేస్తే రంగు గాలిలోనే సగం ఎండి పొడిలా పడుతుంది. వాన ముసురులో వేస్తే మసకబారుతుంది. సంక్రాంతి తర్వాతి రోజుల్లో, మంచు విడిచాక, గాలి లేని ఉదయం మనకు అనువు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది గదిలో చేసే పని కాదు. ఆ ఆవిరి పీల్చకూడదు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ముక్కుకు గుడ్డ కడితే ఆవిరి ఆగదు కాబట్టి ఆరుబయటే చేయండి.

ఎప్పుడో ఇంటి కిటికీలకు వేయగా మిగిలిన పాత ఎనామిల్ డబ్బా తెరవకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదనే నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయింది. అంతకు ముందటి డబ్బాలో ఎంత ఉందో చెప్పలేం. అలాంటి రంగు వేసి ఉన్న వస్తువును గీకి దుమ్ము లేపడం కూడా మంచిది కాదు.

మడ్‌గార్డు మొత్తం మీద వేయకముందు లోపలి వైపు అరచేయంత చోట వేసి చూడండి. రెండు మూడు రోజులయ్యాక బ్లేడుతో అడ్డంగా, నిలువుగా సన్నటి గీతలు గీసి, టేపు అంటించి ఒక్క గుంజు గుంజండి. టేపుతో రంగు వస్తే మిగతాది వేయడం దండగ.

కొన్నిటికి అసలు రంగు వేయకూడదు. వెనుక రిఫ్లెక్టర్ మీద ఒక్క చుక్క పడినా తుడిచేయండి. మసక చీకట్లో సాగర్ రోడ్డు మీద లారీ డ్రైవరుకు మన సైకిలు కనిపించేది దానివల్లనే. హెల్మెట్‌కు వేయకండి. రంగులోని ద్రావకం పై చిప్పనూ, లోపలి థర్మకోలునూ బలహీనపరచవచ్చు, అది బయటికి కనిపించదు. నీళ్ళ సీసాకూ వద్దు. మడ్‌గార్డును వేలితో రుద్దితే తెల్లపొడి రాలి, కొద్దిగా వంచగానే పగుళ్ళు కనిపిస్తే దానికి రంగు ఖర్చు పెట్టకండి. ఎండ దాని అణువుల గొలుసులను తెంచేసింది. రంగు దాన్ని కప్పుతుంది గాని బలం ఇవ్వదు. విరిగి చక్రంలో ఇరుక్కుంటే పడేది మనమే. ఆ డబ్బుతో కొత్తది కొనండి.

ముట్టుకుంటే అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడడం వేరు. కనీసం వారం రోజులు నీడలో వేలాడదీసి ఉంచండి. బిగించేటప్పుడు నట్టు కింద రబ్బరు వాషర్ వేసి, చేతితో తిప్పినంత తిప్పి, ఆ తర్వాత పానాతో సగం చుట్టు మాత్రమే తిప్పండి. నట్టు దగ్గర పగిలిన రంగులోంచే మళ్ళీ నీరు దిగుతుంది.