మీకు తెలుసా? కువైట్ ఎండలో పెద్దల నడక
అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా ప్రకారం కువైట్‌లో 20–79 ఏళ్ల వారిలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి షుగర్ ఉంది. ప్రపంచంలో ఆ జబ్బు బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇదొకటి. దీనిపై పరిశోధనకూ, చికిత్సకూ అక్కడ 2006లో దస్మాన్ డయాబెటిస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు.

షుగర్ అదుపులో ఉండేందుకు నడుద్దామంటే ఎండ! 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పనిని ప్రభుత్వమే నిషేధిస్తుంది. వేసవిలో పెద్దలకు అవెన్యూస్ లాంటి ఏసీ మాల్స్ నడకదారులవుతాయి. చలికాలంలో అల్ షహీద్ పార్కు ఉండనే ఉంది.

అయితే నడకొక్కటే చాలదు. వయసుతో కండ కరుగుతుంది, భోజనం తర్వాత రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది ఆ కండే. 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు కండకు బలాన్నిచ్చే కసరత్తు రెండు రోజులైనా చేయాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. జిమ్ అక్కర్లేదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నా తొడలకు పని పడుతుంది.

ఇక కంచం సంగతి. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాములు పిండిపదార్థమే. అక్కడి రొట్టె కుబ్బూస్‌లో అంతకన్నా ఎక్కువ. కువైటీలు ప్రాణం పెట్టే జుబైదీ, అదే మన చందువా చేపలో, దాదాపు సున్నా. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో వెళ్లిన మనవాళ్లు అన్నం సగానికి తగ్గించి, ఆ చోట చేపా కూరా పెంచితే మేలు. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం డాక్టర్‌ను అడిగాకే తగ్గించాలి, లేకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.