ఫారం చేరినట్టు సర్వరుకు ఎలా తెలుస్తుంది?

హాస్టలు సీటుకు కంప్యూటరులో దరఖాస్తు నింపి, 'పంపు' బటను నొక్కారనుకోండి. తెర మీద మళ్ళీ ఖాళీ ఫారమే ప్రత్యక్షమయింది! గడువు ఆ రోజే అయితే ఎంత గాభరా!

అవతల సర్వరులో ఈ పని చూసే ప్రోగ్రామును స్క్రిప్టు అంటారు. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన పీహెచ్‌పీ భాషలో ఇలాంటివి చాలా రాస్తారు. ఖాళీ ఫారం అడిగినా, నింపినది పంపినా తరచు ఒకే స్క్రిప్టు జవాబిస్తుంది. మరి తేడా ఎలా తెలుస్తుంది? మన కంప్యూటరు పంపే కబురు మొదట్లోనే ఒక మాట ఉంటుంది. పేజీ చూపమంటే 'గెట్'; నింపిన ఫారమయితే సాధారణంగా 'పోస్ట్'. ఆ మాట చూస్తే చాలు. కొందరు దాన్ని వదిలి, బటను పేరు వచ్చిందా అని వెతుకుతారు. అది నమ్మదగిన గుర్తు కాదు. పేజీలోని జావాస్క్రిప్టు తానే ఫారం పంపినప్పుడు బటను పేరు రాకపోవచ్చు. అప్పుడు స్క్రిప్టు, ఎవరో కొత్తగా పేజీ తెరిచారనుకుంటుంది!

ఇంకో చిత్రం చూడండి. టిక్కు పెట్టని గడి 'లేదు' అని చెప్పదు, అసలు నోరే విప్పదు. ప్రోగ్రాములో పేరు పెట్టని గడిలో ఎంత రాసినా సర్వరుకు చేరదు.

కనుక తప్పు వెతికేటప్పుడు ఊహలు మాని, వచ్చినదంతా ఉన్నదున్నట్టు తెరపై వేయించాలి. పీహెచ్‌పీలో 'వార్‌డంప్' ఆ పని చేస్తుంది. (పరీక్షకు ఉత్తుత్తి పేర్లే వాడాలి సుమా!) మిగతా పేర్లన్నీ ఉండి 'పంపు' ఒక్కటే కనిపించకపోతే, ఖాళీ ఫారం గుట్టు బయటపడినట్టే.