ముట్టు పాఠానికి నాటకం

రుతుక్రమం సగటున 28 రోజులకొకసారి వస్తుందనీ, తొలి ఏళ్లలో అది 21 నుంచి 45 రోజుల వరకు అటూ ఇటూ కావడం సహజమేననీ జీవశాస్త్రం చెబుతుంది గానీ, ముట్టయిన పిల్లను దేవుడి గదికీ పచ్చడి జాడీకీ దూరంగా కూర్చోబెట్టే నాయనమ్మకు ఏమని బదులివ్వాలో నేర్పదు. ఆ లోటును సృజనాత్మక నాటకం, అంటే రాసిపెట్టిన సంభాషణలు లేకుండా పాల్గొనేవారి అవగాహన కోసమే ఆడే ఆట, కొంత తీర్చగలదు.

బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ రూపొందించిన ఫోరమ్ థియేటర్ ఇందుకు పనికొస్తుంది. ఈ పద్ధతిలో బాధితురాలు ఓడిపోయే ఘట్టాన్ని ఒకసారి ఆడి చూపాక, మళ్లీ ఆడేటప్పుడు చూసేవారెవరైనా ఆపమని లేచి, ఆ పాత్రలోకి వచ్చి కథను మార్చవచ్చు. ఉదాహరణకు, లంగాకు మరకంటిన పిల్లను సారు బోర్డు దగ్గరకు రమ్మంటాడు, వెనక బెంచీ నవ్వుతుంది. ఇక చున్నీ ఎవరు అందించాలి, సారుతో ఏమనాలి అన్నది పిల్లలే ఆడి తేల్చుకోవాలి.

తెలంగాణలోని నిజామాబాద్ జిల్లాకు ఇలా వేషం కట్టి మాట్లాడే విద్య పరాయిది కాదు. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ యక్షగానంలో మగవేషాలు సైతం కట్టి మెప్పించింది. సొంత నోట రాని మాట వేషం కట్టాక సులువుగా వస్తుంది.

బడి బయట, చెరకు సీమలకు కూడా ఈ పాఠం అవసరమే. పొరుగు మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, నెలసరి బాధతో పనికి రాకపోతే కూలి పోతుందని చెరకు కోసే స్త్రీలు గర్భసంచులు తీయించుకున్న ఉదంతాలు 2019లో బయటపడ్డాయి. ఇక బడి విషయానికొస్తే, నీళ్లూ, గడియపడే తలుపూ ఉన్న మరుగుదొడ్డి లేనప్పుడు ఎంత మంచి నాటకమైనా సగం పాఠమే.