మార్పు – మనస్సు

ప్రతిదినము మూడవ గంటకు లెక్కల పాఠము జరుగు తరగతిలో ఒకనాడు ఆ యుపాధ్యాయుడు సెలవు పెట్టగా, మరియొకరు వచ్చి చరిత్ర పాఠము మొదలిడిరనుకొనుడు. కొందరు బాలురు సణుగుకొందురు. కొందరు లోలోపల సంతోషింతురు. అయిదు నిమిషములలో అందరును సర్దుకొందురు. అదే తరగతిలో ఒక్క బాలుడు మాత్రము చెవులు మూసికొని, ముందునకు వెనుకకు ఊగుచు, “ఇప్పుడు లెక్కలు, ఇప్పుడు లెక్కలు” అని పలుమారులు పలుకవచ్చును. అట్టివానిని మొండివాడనుట, బెత్తము చేతబట్టుట లోకములో పరిపాటి. ముప్పది యేండ్లకు పైగా బడులలో గడపినవాడనగుటచే, ఈ పరిపాటి యెంత అన్యాయమైనదో చెప్పుటకు నేను సంకోచింపను.

క్రొత్తదనము ఎవరికైనను కొంత ఇబ్బందియే. అలవాటు లేని ఔపాసన చేయబోయిన మీసములు తెగగాలినవన్న సామెత మనకు ఉండనే యున్నది. పరీక్ష కాని, క్రొత్త ఊరు కాని ఎదురైనప్పుడు, మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తములోనికి విడుచును. గుండె వేగముగ కొట్టుకొనును, అరచేతులు చెమర్చును. ఆపద లేదని మెదడు గ్రహించిన పిమ్మట ఈ సంరంభము మెల్లమెల్లగ అణగును. ఆటిజము అను మనఃస్థితి గలవారికిని, లేనివారికిని ఈ యేర్పాటు ఒక్కటియే. మెదడు దేనిని చూచి ఆపదయని తలచును, మరల ఎట్లు శాంతించును అను రెండింటియందే భేదము.

ఆటిజము ఒకరినుండి ఒకరికి అంటునది కాదు. అది మెదడు పెరుగు తీరులోని భేదము, శైశవమునుండియే యుండును. 1950 ప్రాంతమున, తల్లికి ప్రేమ చాలకపోవుటచే బిడ్డ యిట్లగునని కొందరు వైద్యులు పలికిరి. ఎందరో తల్లులు నిష్కారణముగ నిందపడిరి. బెర్నార్డ్ రిమ్లాండ్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తానును అట్టి బాలునికి తండ్రియే, 1964లో ఒక గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేర్కొన్నది.

పంకా చప్పుడు, చొక్కా మెడపట్టీ రాపిడి, పక్కవారి గుసగుస – ఇవి కొంతసేపటికి మనలో పెక్కుమందికి మరపునకు వచ్చును. ఆటిజము గలవారిలో అనేకులకు అట్లు మరపునకు రావు. అన్నియు ఒక్కమారే మీద పడుచుండును. అట్టివానికి “మూడవ గంటకు లెక్కలు” అనునది చీకటింట చేతికందిన గోడ వంటిది. చెప్పకుండ ఆ గోడను తీసివేసినచో వాడు తడబడక యేమి చేయును?

బాల్టిమోర్ నగరమందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలకు చెందిన లియో కానర్ 1943లో పదునొకండుగురు పిల్లలను గూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. తమ చుట్టునున్నది మారరాదను గాఢమైన తపన ఈ పిల్లలలో కలదని ఆయన కనిపెట్టెను. వారిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రమునందలి ఫారెస్ట్ అను చిన్న పట్టణము అతని ఊరు. తల్లి ఒక నియతమైన ప్రశ్న నియతమైన మాటలలో అడిగినగాని ఆ బాలుడు మంచము దిగడు. ఆమె అడుగకున్న కేకలు పెట్టి యేడ్చును.

1942లో అతనిని ఊరికి పది మైళ్ళ దూరమున ఒక రైతు దంపతుల యింట ఉంచిరి. వారు శాస్త్రము చదివినవారు కారు. అయినను వారు చేసిన పని పండితులకును పాఠమే. డోనాల్డునకు కొలతలపై వ్యామోహము మెండు; వారు ఒక బావి త్రవ్వించి దాని లోతు కొలిచి చెప్పుమనిరి. చనిపోయిన పక్షులను ప్రోగుచేయుచుండగా, వానిని పాతిపెట్టుటకు ఒక చోటు చూపిరి. మొక్కజొన్న సాళ్ళను పదే పదే లెక్కించుచుండగా, నాగలి చేతికిచ్చి దున్నుచు లెక్కింపుమనిరి. 1945లో కానర్ చూడబోయినప్పుడు డోనాల్డు ఆరు పొడవైన సాళ్ళు దున్ని చూపెను. గుఱ్ఱమును మలుపులయందు చక్కగ త్రిప్పెనని ఆ వైద్యుడు వ్రాసియుంచెను. ఆ దంపతులు అతని అలవాటును విరువలేదు, దానికొక పని చూపిరి.

కలత కలిగినప్పుడు మనమును ఏదో ఒకటి చేయుదుము. పెన్సిలు కొరుకుదుము, కాలు ఊపుదుము. ఊగుటయు, చేతులాడించుటయు ఆ జాతివే. వానిని బలవంతముగ మాన్పించిన కలత మరింత హెచ్చును. ఒక్క విషయమున మాత్రము దారులు వేరగుట తరచుగ చూతుము. మనలో పలువురు స్నేహితునితో చెప్పుకొని గుండెబరువు దించుకొందురు. ఆటిజము గలవానికి ఆ క్షణమున మాటలే బరువు. “ఏమైనది, ఏమైనది” అని పదిమంది చుట్టు మూగుటకంటె నిశ్శబ్దమైన యొక మూల మేలు. మారాము చేయు పిల్లవాడు మనము చూచుచున్నామా లేదా యని ఓరకంట కనిపెట్టుచు, కోరినది దొరకిన ఊరకుండును. కలత కట్టలు తెంచుకొన్నవాడు కోరినది చేతికిచ్చినను వెంటనే ఆగలేడు. కొందరు బడిలో దినమెల్ల బిగబట్టుకొని, ఇల్లు చేరినంతనే కూలబడుదురు. “బడిలో బాగుగనే యున్నాడే!” అని తల్లిని తప్పుపట్టువారు దీనిని ఎరుగరు.

2020లో కరోనా వ్యాధిచే బడులు మూతపడినప్పుడు, ఆటిజము లేనివారును ఎందరో క్రమము తప్పి నిద్ర కరవై విసిగిపోయిరి. ఆటిజము గల పిల్లలలో కొందరు మిక్కిలి బాధపడిరి. రణగొణ ధ్వని లేని ఇంట మరికొందరు కుదుటపడిరి. కావున అందరికి ఒకే మందు లేదు. అయినను ముందుగ చెప్పుట పెక్కుమందికి ఉపకరించును. ఉదయముననే నల్లబల్లపై “నేడు మూడవ గంట: చరిత్ర. రేపు మరల లెక్కలు” అని వ్రాయుటకు సుద్దముక్క తప్ప ఖర్చు లేదు. మాటలు చాలని పిల్లలకు బొమ్మలు గీసి చూపవచ్చును.

డోనాల్డు పెద్దవాడై కళాశాల చదువు ముగించి, తన కుటుంబమునకు చెందిన బ్యాంకులో ఉద్యోగము చేసెను. ఇరువదియేడవ యేట కారు నడపుట నేర్చెను. ఒంటరిగ ముప్పదికి పైగా దేశములు చూచి వచ్చెను. కాని ఏ ప్రయాణమందును ఆరు దినములకు మించి ఇల్లు విడిచి యుండెడివాడు కాడు; ఆ హద్దు అతడు తనకు తానే యేర్పరచుకొనినది. ఊరివారు దానిని వింతగ చూడక, ఈమారు ఎచ్చటికని మాత్రము అడిగెడివారు. 2023లో, ఎనుబదితొమ్మిదవ యేట, అతడు కన్నుమూసెను.