రొయ్యల తొట్టియు సున్నపురాయియు

కృష్ణాజిల్లా మెట్టసీమలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జగ్గయ్యపేట పరిసరములందు సున్నపురాయి విస్తారముగా కలదు. జయంతిపురము, ముక్త్యాల సిమెంటు కర్మాగారములకు ఇదియే ముడిసరకు. గాజుతొట్టిలో పెంచెడి మంచినీటి రొయ్యకును ఈ రాయి ప్రాణరక్షకమగును. అది యెట్లో తెలిసికొందము.

రొయ్యలు శ్వాసించునపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగి ఆమ్లమగును. మిగిలిన మేత కుళ్ళినను ఆమ్లత్వము హెచ్చును. దీనిని పి.హెచ్. అను సంఖ్యతో కొలుతురు. ఈ కొలమానమును 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టెను. 7 తటస్థము, అంతకు తగ్గినది ఆమ్లము, మించినది క్షారము. ఒక అంకె తగ్గినచో ఆమ్లత్వము పదిరెట్లగును. నీలకంఠ రొయ్యకు 7 మొదలు 8.5 వరకు అనుకూలము.

రొయ్య పెరుగుచు పలుమారులు పాతపెంకును విడుచును. క్రొత్తపెంకు గట్టిపడుటకు సున్నము కావలయును. నీటిలో ఆమ్లము హెచ్చి సున్నము కొఱవడినచో పెంకు గట్టిపడదు. అట్టి మెత్తని రొయ్యను తోటి రొయ్యలే తినివేయును.

సున్నపునేలలోని బావినీటియందు రాతినుండి కరగిన బైకార్బొనేటులుండును. అవి ఆమ్లమును విఱుచును. వాననీటికి ఈ శక్తి మిక్కిలి తక్కువ. కావున వాననీటి తొట్టిలో గుప్పెడు సున్నపురాతి ముక్కలు వేయుట మేలు. ఆమ్లము హెచ్చినపుడు అవి మెల్లగా కరగి దానిని తగ్గించును. కాల్చిన సున్నము మాత్రము వేయరాదు, అది పి.హెచ్.ను ఒక్కసారిగా పెంచును. క్షారత్వము మితిమీరినచో మలినములనుండి పుట్టు అమ్మోనియా మఱింత విషమగును.

మేత మితముగా వేయవలయును. నీటిని కొద్దికొద్దిగా మార్చవలయును. పరీక్షాకాగితముతో తఱచు చూచుచుండవలయును. కంటికి తేటగా నున్నంతమాత్రమున నీరు మంచిది కాదు.