దారి మరిచిన లినక్స్ ఫోన్

2024 జూన్ 12న మొజిల్లా సంస్థ తన లొకేషన్ సర్వీసును బయటివాళ్లకు ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసిన ఆ మొజిల్లాయే. పదకొండేళ్ల పాటు ఆ సర్వర్ చేసిన పని ఒక్కటే: ఫోన్ తనకు అందుతున్న సెల్ టవర్ల నంబర్లూ వైఫై పెట్టెల చిరునామాలూ పంపితే, నువ్వు ఫలానా చోట ఉన్నావని జవాబివ్వడం. గూగుల్ అవసరం లేకుండా ఫోన్ నడుపుకోవాలనుకునే లినక్స్ అభిమానుల్లో చాలామందికి అదే దిక్కు. అది ఆగాక ఫోన్ అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లకు మ్యాప్‌లో చుక్క కదల్లేదు. నేరం మాత్రం అప్‌గ్రేడ్ మీద పడింది.

లినక్స్ ఫోన్ పుట్టుపూర్వోత్తరాలు చిన్నవే. లినక్స్ కెర్నెల్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లాండ్‌లో మొదలుపెట్టాడు. దాన్ని అరచేతిలోకి తెచ్చినవాళ్లలోనూ ఒక ఫిన్లాండ్ కంపెనీ ఉంది. 2005లో నోకియా 770 వచ్చింది, కానీ అది ఫోన్ కాదు, ఇంటర్నెట్ పలక. 2009లో వచ్చిన ఎన్900 నిజమైన ఫోన్. 2011లో ఎన్9 దుకాణాలకు చేరేసరికే నోకియా మనసు విండోస్ వైపు మళ్లిపోయింది. బయటికొచ్చిన ఇంజనీర్లు కొందరు యోల్లా అనే కంపెనీ పెట్టి, 2013 చివర్లో సెయిల్‌ఫిష్ సిస్టమ్‌తో సొంత ఫోన్ తెచ్చారు. 2014 సెప్టెంబరులో అది మన దేశంలో స్నాప్‌డీల్‌లో 16,499 రూపాయలకు అమ్మకానికొచ్చింది. 2016లో ఇంటెక్స్ అదే సెయిల్‌ఫిష్‌తో ఆక్వా ఫిష్‌ను 5,499కే ఇచ్చింది. రెండూ నిలవలేదు.

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఏ మొబైల్ షాపులోనైనా లినక్స్ ఫోన్ ఉందా అని అడగండి, గదేం ఫోన్ సార్ అంటారు. ఐఫోన్లు, మామూలు బటన్ ఫోన్లు పక్కన పెడితే వాళ్ల అద్దాల బీరువాలో ఉన్నవి దాదాపు అన్నీ లినక్స్ ఫోన్లే. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలే కదా. ఆదిలాబాద్ పల్లెల దాకా వెళ్లిన జియోఫోన్‌దీ అదే వంశం. మొజిల్లా వదిలేసిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుంచి కైఓఎస్ పుట్టింది, ఆ కైఓఎస్ మీద 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో జియోఫోన్ వచ్చింది. 2018 సెప్టెంబరులో ఒక అప్‌డేట్‌తో దానికి వాట్సాప్ అందింది. 2024 జూన్‌లో కైఓఎస్‌లో కొత్తగా వాట్సాప్ దించుకునే వీలు పోయింది, ఆ తరవాతి ఏడాది ఉన్నవాళ్లకూ ఆగింది. బటన్లు పనిచేస్తున్నాయి, బ్యాటరీ నిలుస్తోంది, సిమ్ పలుకుతోంది. ఎక్కడో ఉన్న సర్వర్ ఇక నీకు జవాబివ్వనంది, అంతే. మొజిల్లా లొకేషన్ సర్వీస్ కథా ఇదే. లినక్స్ ఫోన్లలో అప్‌గ్రేడ్ తరవాత వచ్చే రోగాల్లో సగానికి మూలం ఫోన్‌లో ఉండదని నా అభిప్రాయం.

ఆదిలాబాద్ వైపు జన్నారం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇష్టపడి పాత ఫోన్‌లో లినక్స్ ఎక్కించుకున్న కుర్రాడు. "అన్నా, అప్‌డేట్ కొట్టినంక లొకేషన్ వస్తలేదే. జీపీఎస్ చిప్ ఖరాబైందంటవా?" ఉపగ్రహాలు చూపించే యాప్ తెరిచి స్క్రీన్ ఫొటో పంపమన్నాను. వరసగా నంబర్లు, వాటి పక్కన సిగ్నల్ గీతలు. కనిపిస్తున్నవి 14, లెక్కలోకి తీసుకున్నవి 0. చిప్ ఖరాబైతే ఆ పద్నాలుగూ కనిపించవు. చిప్పుకు చూపు ఉంది, చూసిందేమిటో చెప్పేవాళ్లే లేరు.

ఎందుకంటే, జీపీఎస్ ఉపగ్రహం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాను ఏ కక్ష్యలో ఉన్నదీ తన గడియారం ఎంత చూపిస్తున్నదీ ప్రకటిస్తూ ఉంటుంది. కానీ ఆ ప్రకటన సెకనుకు 50 బిట్ల వేగంతోనే వస్తుంది. 1970ల నాటి డిజైన్ మరి. ఒక ఉపగ్రహం తన సొంత కక్ష్య వివరాలు చెప్పడానికి 30 సెకన్లు, మొత్తం ఉపగ్రహాల పట్టిక చెప్పడానికి పన్నెండున్నర నిమిషాలు తీసుకుంటుంది. మధ్యలో సిగ్నల్ తెగితే ఆ ముక్క కోసం మళ్లీ తరవాతి వంతు దాకా ఆగాలి. నేలకు చేరేసరికి ఆ సిగ్నల్ బలం ఒక వాట్‌లో పదివేల లక్షల కోట్లవ వంతు. కవ్వాల్ అడవిలో టేకు ఆకులు వాన నీళ్లతో బరువెక్కిన ఆగస్టులో చెట్ల కింద నడుస్తుంటే, అర నిమిషం పాటు తెగకుండా వినడం చిప్పుకు గగనమే. అదే టేకు ఆకు రాల్చిన ఎండాకాలంలో అక్కడే గబుక్కున దొరుకుతుంది.

ఈ అవస్థ తప్పించడానికే ఫోన్లు అడ్డదారి పట్టాయి. కక్ష్య వివరాలను ఆకాశం నుంచి నెమ్మదిగా వినే బదులు ఇంటర్నెట్‌లో ఒక సర్వర్ నుంచి రెండు సెకన్లలో దించుకుంటాయి. ఎక్కడున్నామో సుమారుగా సెల్ టవర్‌ను బట్టి ఊహిస్తాయి. దీన్నే ఏ-జీపీఎస్ అంటారు. ఆ సర్వర్ పేరు ఫోన్‌లో జీపీఎస్ డాట్ కాన్ఫ్ అనే చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. అప్‌గ్రేడ్ పాత ఫైలును తుడిచి కొత్తది పెడుతుంది. అందులోని పేరు తప్పైనా, ఆ సర్వర్ మూతపడినా, ఫోన్ 1990ల నాటి పద్ధతికి వెళ్లిపోతుంది. సెయిల్‌ఫిష్, ఉబుంటు టచ్ లాంటివి ఇంకో మెలిక కూడా మోస్తున్నాయి. వాటికి చాలా ఫోన్లలో సొంత డ్రైవర్లు లేవు, ఆండ్రాయిడ్ డ్రైవర్లనే హైబ్రిస్ అనే వారధి మీదుగా వాడుకుంటాయి. పైన సిస్టమ్ మారి కింద ఆండ్రాయిడ్ పొర పాతదే మిగిలితే, ఆ రెండింటికీ మాట కలవదు. అప్పుడు ఉపగ్రహాల పట్టికే ఖాళీగా వస్తుంది. తమ్ముడికి వచ్చింది అది కాదు కాబట్టి డ్రైవర్ల జోలికి పోవద్దన్నాను.

టైము కూడా చూసుకోవాలి. జీపీఎస్ తన వారాలను పది బిట్లతో లెక్కపెడుతుంది, 1024 వారాలు నిండగానే మళ్లీ సున్నా. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న ఇంకోసారి అలా తిరిగింది. పాత చిప్పులు కొన్ని ఆ రోజు నుంచి తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపాయి. అప్‌గ్రేడ్ తరవాత ఫోన్ తేదీ చెదిరి ఉంటే, దించుకున్న కక్ష్య వివరాలు చిప్పుకు అక్కరకు రావు.

టవర్ ఊహకు వస్తే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు తేడా ఉంది. కరీంనగర్‌లో టవర్లు దగ్గరదగ్గర, వైఫై పెట్టెలు వీధి వీధికీ. జీపీఎస్ అందకపోయినా ఏ వీధిలో ఉన్నామో తెలిసిపోతుంది. కెరమెరి, తిర్యాణి గుట్టల్లో ఒక టవర్ చాలా ఊళ్లకు దిక్కు. చుక్క కిలోమీటర్ల దూరం జరిగి పడుతుంది. సరిహద్దు దగ్గరైతే మహారాష్ట్ర టవర్ పట్టుకుని మీరు చంద్రపూర్ జిల్లాలో ఉన్నారంటుంది. (కెరమెరి మండలంలో రెండు రాష్ట్రాలూ మావే అంటున్న పల్లెలున్నాయి. అక్కడ ఫోన్ తికమకపడితే తప్పు పట్టలేం.) పైగా మొజిల్లా పట్టికలో ఉండేవి ఎక్కువగా వలంటీర్లు ఫోన్ పట్టుకుని తిరిగి నమోదు చేసిన చోట్లే. ఎవరూ తిరగని అడవి గురించి ఏ ఉచిత పట్టికకూ తెలియదు. దాని స్థానంలో ఇప్పుడు బీకన్‌డీబీ అనే కొత్త పట్టిక పెరుగుతోంది, ఇదీ వలంటీర్లదే. మన వైపు దాన్ని నింపాల్సింది మనమే.

ఇదంతా లినక్స్ ఇష్టపడే కుర్రాళ్ల సరదా కాదు. 2010లో పులుల సంరక్షణ కోసం దేశంలో ఎం-స్ట్రైప్స్ అనే పద్ధతి వచ్చింది. గస్తీ తిరిగే సిబ్బంది ఫోన్‌లోని యాప్ వాళ్ల దారినీ వాళ్లకు కనిపించిన పాదముద్రల చోటునూ జీపీఎస్‌తో నమోదు చేస్తుంది. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ రెండు వేల చదరపు కిలోమీటర్ల అడవి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి మేట్ తన ఫోన్‌తో రోజుకు రెండుసార్లు లొకేషన్ ముద్రతో కూలీల ఫొటో తీయాలన్న నిబంధన పెట్టారు. చుక్క పడకపోతే ఆ రోజు హాజరు మీదే గండం. ఆండ్రాయిడ్ 12 వచ్చాక యాప్‌కు ఖచ్చితమైన లొకేషన్ ఇవ్వాలా, సుమారుగా ఇవ్వాలా అని ఫోన్ విడిగా అడుగుతుంది. పొరపాటున సుమారు అని నొక్కితే యాప్‌కు అందేది దాదాపు 3 చదరపు కిలోమీటర్ల మేర ఉజ్జాయింపు. పని చెరువు కట్ట మీద జరుగుతుంటే ఫోన్ ఊరవతల చూపిస్తుంది. అసలు లినక్స్ ఫోన్లలోనూ ఈ కాపలా వచ్చింది. 2021లో సెయిల్‌ఫిష్ నాలుగో తరంతో యాప్‌లను గదుల్లో పెట్టి తాళాలు వేయడం మొదలైంది. తనకు ఏ గదుల తాళంచెవులు కావాలో యాప్ తన ఫైల్లో రాసుకుంటుంది. భద్రతకు ఇది మంచిదే. 

ఇక మోగని నోటిఫికేషన్ల సంగతి. తమ్ముడి రెండో ఫిర్యాదు అదే: "స్క్రీన్ ఆన్ చేస్తేనే మెసేజ్‌లన్నీ ఒక్కసారి వచ్చి పడుతున్నయ్." ఆ ఒక్క మాటలోనే జబ్బు పేరుంది. స్క్రీన్ ఆరగానే ఫోన్ ప్రాసెసర్ నిద్రలోకి జారుకుంటుంది. మోడెమ్ మాత్రం మెలకువగా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో యాప్‌లన్నింటి తరఫున గూగుల్ సర్వర్‌కు ఒకే ఒక కనెక్షన్ ఎప్పుడూ తెరిచి ఉంటుంది. కబురు రాగానే మోడెమ్ ప్రాసెసర్‌ను లేపుతుంది. 2010లో మొదలైన ఆ ఏర్పాటు రెండుసార్లు పేరు మార్చుకుని 2016 నుంచి ఫైర్‌బేస్ పేరుతో నడుస్తోంది. గూగుల్ వద్దనుకున్న లినక్స్ ఫోన్‌కు ఈ తలుపు లేదు. ఒక్కో యాప్ తన సర్వర్‌ను తానే కనిపెట్టుకుని ఉండాలి. టెలికాం నెట్‌వర్క్‌లు కాసేపు కదలిక లేని కనెక్షన్‌ను చెప్పకుండా తెంపేస్తాయి. తెగిందని నిద్రలో ఉన్న ఫోన్‌కు తెలియదు. సిగ్నల్ వచ్చి పోయే గుట్టల్లో ఇది మరీ ఎక్కువ. అప్‌గ్రేడ్‌లో బ్యాటరీ పొదుపు నియమాలు కఠినమైతే, నిన్నటిదాకా నడుమనడుమ లేచి చూసుకున్న యాప్ ఇవాళ పూర్తిగా పడుకుంటుంది. ఉబుంటు టచ్‌ను నడిపే యూబీపోర్ట్స్ బృందం అందుకే తమ సొంత పుష్ సర్వర్ పెట్టుకుంది. యూనిఫైడ్‌పుష్ అని మరో ప్రయత్నం ఉంది, మీకు నచ్చిన సర్వర్‌ను మీరే ఎంచుకోవచ్చు. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లకైతే వేరే సంగతి. 2022లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి నోటిఫికేషన్లకు కూడా యాప్ మనల్ని అడగాలి. ఒకసారి వద్దని నొక్కేశాక, ఎందుకు మోగడం లేదని ఆర్నెల్లు వెతికేవాళ్లున్నారు.

మరి జన్నారం ఫోన్ ఏమైంది? "ఆరుబయట మంచం మీద పెట్టు, పావుగంట ముట్టుకోకు" అన్నాను. మ్యాప్ తెరిచే ఉంచి, స్క్రీన్ ఆరకుండా సెట్ చేసి పెట్టాడు. చుక్క పడింది. ఆ తరవాత కాన్ఫిగ్ ఫైల్లో మూతపడిన సర్వర్ పేరు తీసి బతికున్నది రాసుకున్నాడు, ఇప్పుడు చెట్టు కింద కూడా తొందరగానే దొరుకుతోందట. నోటిఫికేషన్ల గొడవ మాత్రం పూర్తిగా తీరలేదు, ఒక మెసేజ్ యాప్‌ను బ్యాటరీ పొదుపు నుంచి తప్పించి సర్దుకున్నాడు.

మీ ఫోన్‌కూ ఇదే జరిగితే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టకండి. రీసెట్ కొడితే చిప్ దాచుకున్న ఉపగ్రహాల పట్టిక కూడా పోవచ్చు, సర్వర్ పేరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ముందు తేదీ, టైము సరిచూడండి. ఉపగ్రహాలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. యాప్‌కు లొకేషన్, నోటిఫికేషన్ అనుమతులు రెండూ విడివిడిగా తెరిచి ఉన్నాయో లేదో చూడండి. అవన్నీ బాగుంటే, ఆకాశం బాగా కనిపించే చోట పదమూడు నిమిషాలు ఓపిక పట్టండి.